కెర్నెల్ డ్రైవర్లలో కోడ్ కవరేజ్ సేకరణ

ఒక ప్రోగ్రామును పరీక్షించేటప్పుడు అందులో ఏయే వరుసలు నిజంగా నడిచాయో, ఏవి నడవకుండా మిగిలాయో నమోదు చేసే కొలతను కోడ్ కవరేజ్ అంటారు. మామూలు అప్లికేషన్లకు ఇది ఎన్నాళ్ళ నుంచో అలవాటైన పని. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్‌లో, అందులోనూ డిస్కు, నెట్‌వర్క్ కార్డు, కెమెరా, యూఎస్‌బీ వంటి పరికరాలను నడిపే డ్రైవర్లలో ఇదే కొలత తీయబోతే రెండు చిక్కులు ఎదురవుతాయి. లెక్కలను కెర్నెల్ లోపలి నుంచి బయటికి తేవడం మొదటిది. దీనికి దారి 2000ల నాటికే దొరికింది. నడవని వరుసలను నడిపించడం రెండోది. డ్రైవర్ కోడులో చాలా భాగం పరికరం మొరాయించినప్పుడు మాత్రమే పనికొస్తుంది. పరీక్షశాలలో ఉన్న పరికరమేమో మనం అడిగినప్పుడు మొరాయించదు. ఈ రంగంలో ఎక్కువ శ్రమ పోయింది ఈ రెండోదాని మీదే. అందువల్ల డ్రైవర్ల కవరేజ్ గురించి చెప్పడమంటే, లేని పరికరాన్ని ఉన్నట్టూ ఉన్న పరికరాన్ని చెడినట్టూ కెర్నెల్‌ను నమ్మించే పద్ధతుల గురించి కూడా చెప్పడమే. ఈ వ్యాసం ప్రధానంగా లినక్స్‌ను తీసుకుంటుంది. సోర్స్ కోడు, పరీక్ష సాధనాలు, వాటి చరిత్ర అన్నీ బహిరంగంగా ఉన్న పెద్ద కెర్నెల్ అదే.

డ్రైవర్ల మీద ఇంత పట్టింపు ఎందుకు

లినక్స్ సోర్స్‌లో సగానికి మించి డ్రైవర్ల డైరెక్టరీలోనే ఉంటుంది. 2001లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లినక్స్, ఓపెన్‌బీఎస్‌డీ కెర్నెళ్ళను స్టాటిక్ విశ్లేషణతో జల్లెడ పట్టి, డ్రైవర్లలో తప్పుల రేటు మిగతా కెర్నెల్‌తో పోలిస్తే మూడు నుంచి ఏడు రెట్ల దాకా ఉందని తేల్చారు. 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన నూక్స్ పరిశోధన, విండోస్ ఎక్స్‌పీలో అప్పటికి నమోదైన వైఫల్యాల్లో 85 శాతానికి డ్రైవర్లే కారణమని పేర్కొంది. ఈ రెండు అంకెలు నేటికీ వ్యాసాల్లో, ప్రసంగాల్లో తిరుగుతూనే ఉన్నాయి. వాటి పక్కన చెప్పవలసిన మూడో విషయాన్ని చాలామంది చెప్పరు. 2011లో ఫ్రెంచ్, డేనిష్ పరిశోధకులు అదే అధ్యయనాన్ని కొత్త కెర్నెళ్ళ మీద మళ్ళీ చేశారు. తప్పుల మొత్తం సంఖ్యలో డ్రైవర్లే ముందున్నా, కోడు పరిమాణంతో భాగించి చూస్తే ఆ మొదటి స్థానం ఆర్కిటెక్చర్ సంబంధిత కోడుకు వెళ్ళిపోయిందని వాళ్ళు చూపించారు. డ్రైవర్లు బాగుపడ్డాయి, కానీ బాగుచేయవలసింది ఇంకా అక్కడే గుట్టగా ఉంది.

డ్రైవర్ ఎక్కడ చెడుతుందో దాన్ని రాసినవాళ్ళకు తెలియక కాదు. పరికరాన్ని గుర్తించి సిద్ధం చేసే ప్రోబ్ ఫంక్షన్‌ను చూడండి. మెమరీ అడుగుతుంది, రిజిస్టర్లను మ్యాప్ చేస్తుంది, ఇంటరప్ట్ నమోదు చేస్తుంది, క్లాక్ ఆన్ చేస్తుంది, ఫర్మ్‌వేర్ ఎక్కిస్తుంది. ఒక్కో అడుగూ విఫలం కావచ్చు. అలా జరిగితే అంతవరకు తీసుకున్నవన్నీ తీసుకున్న వరుసకు ఎదురు వరుసలో వదిలేయాలి. ఈ వెనకడుగు మెట్లన్నీ ఫంక్షన్ చివర పేర్చి ఉంటాయి. పరికరం బాగున్నన్నాళ్ళూ వాటి జోలికి ఎవరూ పోరు. కవరేజ్ నివేదికలో ప్రోబ్ పైభాగమంతా ఆకుపచ్చగా, చివరి ఇరవై వరుసలు ఎర్రగా కనిపించడం డ్రైవర్లకు దాదాపు ముద్ర లాంటిది.

జీకోవ్: లెక్కలు బయటికి రావడం

జీసీసీ కంపైలర్‌తో పాటు వచ్చే జీకోవ్ పద్ధతి సులువైనదే. కంపైల్ చేసేటప్పుడు ప్రత్యేక ఫ్లాగులు ఇస్తే, కంపైలర్ కోడులోని శాఖల దగ్గర చిన్న కౌంటర్లు నాటుతుంది. ఏ కౌంటరు ఏ వరుసకు చెందుతుందో చెప్పే పటం జీసీఎన్ఓ ఫైలులో కంపైల్ సమయంలోనే పడుతుంది. ప్రోగ్రాము నడిచాక కౌంటర్ల విలువలు జీసీడీఏ ఫైలులోకి వస్తాయి. ఈ రెండూ కలిపితే వరుసవారీ లెక్క తేలుతుంది. ప్రతి దారికీ కౌంటరు అక్కర్లేదు. ఒక కూడలిలోకి ఎన్నిసార్లు వచ్చారో అన్నిసార్లే బయటికి పోవాలి కాబట్టి, కొన్ని దారుల్లో లెక్కపెట్టి మిగతావి కూడికలు తీసివేతలతో రాబట్టవచ్చు. ఈ కిటుకుకు డొనాల్డ్ క్నూత్, స్టీవెన్సన్ 1973లో వేసిన పునాదే నేటికీ ఆధారం.

చిక్కల్లా జీసీడీఏ ఫైలు దగ్గరే. మామూలు ప్రోగ్రాము ముగిసేటప్పుడు కౌంటర్లను ఫైలులో రాసి వెళ్ళిపోతుంది. కెర్నెల్ ముగియదు. ముగిసే క్షణానికి ఫైలు రాయడానికి ఫైల్ సిస్టమే ఉండదు. పైగా కెర్నెల్‌లో సీ లైబ్రరీ లేదు; జీకోవ్ తన పనికి ఆధారపడే ఫంక్షన్లన్నీ కెర్నెలే సమకూర్చుకోవాలి. లినక్స్ టెస్ట్ ప్రాజెక్ట్ పరిధిలో ఐబీఎం ఇంజనీర్లు 2000ల మొదట్లో దీనికి ఒక ప్యాచ్ తయారుచేశారు. ప్రతి ఆబ్జెక్టు ఫైలూ తన కౌంటర్ల చిరునామాను కెర్నెల్‌లో నమోదు చేసుకుంటుంది. ప్రోక్ ఫైల్ సిస్టమ్ కింద ఒక డైరెక్టరీలో ఆ విలువలు జీకోవ్‌కు అర్థమయ్యే రూపంలోనే కనిపిస్తాయి. ఆ ఫైలు చదివిన క్షణంలో ఉన్న లెక్కే లెక్క. కెర్నెల్‌ను ఆపనక్కర్లేదు. 2003లో ఒట్టావా లినక్స్ సింపోజియంలో ఈ బృందం సమర్పించిన పత్రం, ఉన్న పరీక్షల్లో లోటు ఎక్కడుందో కవరేజ్‌తో కనిపెట్టి కొత్త పరీక్షలు రాయవచ్చని చూపింది. నివేదికలను ఆకుపచ్చ, ఎరుపు రంగుల వెబ్ పేజీలుగా మార్చే ఎల్‌కోవ్ అనే పెర్ల్ స్క్రిప్టుల కట్ట కూడా ఈ పనిలోంచే పుట్టింది. తర్వాత అది కెర్నెల్ గడప దాటి, సీ, సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాములు రాసే అందరి చేతికీ వెళ్ళింది.

ప్యాచ్ రూపంలో ఏళ్ళ తరబడి బయటే ఉన్న ఈ సదుపాయాన్ని ఐబీఎంకు చెందిన పీటర్ ఓబర్‌పార్లైటర్ తిరగరాసి ప్రధాన కెర్నెల్‌లో చేర్చారు. 2009 సెప్టెంబరులో విడుదలైన 2.6.31తో అది అందరికీ అందింది. ఫైళ్ళు ప్రోక్ నుంచి డీబగ్ ఫైల్ సిస్టమ్‌కు మారాయి. డ్రైవర్లు రాసేవాళ్ళకు ఇందులో బాగా పనికొచ్చే సంగతి ఒకటుంది. కెర్నెల్ మొత్తానికి కౌంటర్లు పెట్టనక్కర్లేదు. తమ డ్రైవర్ డైరెక్టరీలోని మేక్‌ఫైల్‌లో ఒక్క వరుస చేర్చితే ఆ ఫైళ్ళకే కౌంటర్లు పడతాయి. కావాలంటే ఒకే ఒక్క ఆబ్జెక్టు ఫైలుకైనా పెట్టుకోవచ్చు. కెర్నెల్ అంతటికీ పెడితే ఇమేజ్ బాగా లావెక్కుతుంది, వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే డ్రైవర్ల విషయంలో ఫలితమే మారిపోవచ్చు. టైమ్‌అవుట్ కోసం రాసిన కోడు మామూలుగా నడవనిది ఇప్పుడు నడిచి, ఎర్రగా ఉండాల్సింది ఆకుపచ్చగా కనబడుతుంది.

మాడ్యూళ్ళు ఇంకో ముడి. డ్రైవర్లలో చాలా భాగం లోడ్, అన్‌లోడ్ చేసే మాడ్యూళ్ళే. మాడ్యూల్ దిగిపోతే దాని కౌంటర్లున్న మెమరీ కూడా పోతుంది. కానీ డ్రైవర్ నిష్క్రమణ కోడు నడిచిందా లేదా అన్నది తెలిసేదే అది దిగిపోయాక! అందుకని మాడ్యూల్ వెళ్ళేటప్పుడు దాని లెక్కలను కెర్నెల్ నకలు తీసి దాచుకుంటుంది. అదే మాడ్యూల్ మళ్ళీ వస్తే పాత లెక్కకు కొత్తది కలుపుతుంది. మధ్యలో మాడ్యూల్‌ను మార్చి మళ్ళీ కంపైల్ చేసి ఉంటే పాత లెక్క పనికిరాదు కాబట్టి వదిలేస్తుంది. దాచుకోవడం వద్దనుకుంటే బూట్ పారామీటరుతో ఆపవచ్చు.

కెర్నెల్‌తో పాటు వచ్చే డాక్యుమెంటేషన్‌లో ఒక చిన్న హెచ్చరిక ఉంది. కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్ళు దాన్ని చదవక సగం రోజు పోగొట్టుకోవడం మామూలే. డీబగ్ ఫైల్ సిస్టమ్‌లోని జీసీడీఏ ఫైళ్ళను సీపీ, టార్ వంటి ఆదేశాలతో నేరుగా కాపీ చేస్తే ఖాళీగానో అరకొరగానో వస్తాయి. అవి డిస్కు మీది ఫైళ్ళు కావు, చదివేటప్పుడు పుట్టేవి. క్యాట్‌తో చదివి వేరే చోట రాసుకుని, అప్పుడు టార్ కట్టాలి. డ్రైవర్ల పరీక్షలో ఇది తప్పని పని. కెర్నెల్ కంపైల్ అయ్యేది బలమైన బిల్డ్ యంత్రంలో. పరీక్ష జరిగేది పరికరం బిగించి ఉన్న చిన్న బోర్డు మీద. లెక్కల ఫైళ్ళు బోర్డు నుంచి బిల్డ్ యంత్రానికి చేరాలి, అక్కడ సోర్స్ డైరెక్టరీ దారి అక్షరం తేడా లేకుండా కలవాలి.

కంపైలర్‌తో బంధం కూడా అంత సుఖమైనది కాదు. కౌంటర్ల అమరిక జీసీసీ ఇంటి లోపలి వ్యవహారం; విడుదల మారితే అమరిక మారవచ్చు. జీసీసీ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా కెర్నెల్‌లోని జీకోవ్ కోడును దానికి తగ్గట్టు సవరించడం ఆనవాయితీ అయింది. క్లాంగ్ కంపైలర్‌కు విడిగా తోడ్పాటు 2019లో, 5.2 కెర్నెల్‌తో వచ్చింది.

అంకెలు ఎక్కడ అబద్ధమాడతాయి

కెర్నెల్ కవరేజ్ నివేదికను కోర్టు సాక్ష్యంలా చదవకూడదు. జీకోవ్ కౌంటరు పెంచే పని చదవడం, ఒకటి కలపడం, తిరిగి రాయడం అనే మూడు అడుగులుగా జరుగుతుంది. ఒకే డ్రైవర్ ఫంక్షన్‌ను రెండు ప్రాసెసర్లు ఒకేసారి నడిపితే, లేదా మధ్యలో ఇంటరప్ట్ వచ్చి అదే కౌంటరును తాకితే, ఒక పెంపు మాయమవుతుంది. నడిచిందా లేదా అన్న ప్రశ్నకు ఇది పెద్ద నష్టం కాదు. అయితే తీసివేతలతో రాబట్టే లెక్కలు ఉన్నాయి కదా, అక్కడ ఒక పెంపు పోతే ఫలితం సున్నా కంటే కిందికి పోవచ్చు. ఒక వరుస మైనస్ సార్లు నడిచిందని ఎల్‌కోవ్ ఫిర్యాదు చేయడం వెనుక ఉన్నది ఇదే. అటామిక్ కౌంటర్ల ఎంపిక జీసీసీ 7 నుంచి ఉంది. దాని ధర వేగం.

ఆప్టిమైజేషన్ ఇంకో కారణం. మామూలు ప్రోగ్రాములకు కవరేజ్ తీసేటప్పుడు ఆప్టిమైజేషన్ ఆపేయమని సలహా ఇస్తారు. లినక్స్ కెర్నెల్ ఆప్టిమైజేషన్ లేకుండా కంపైలే కాదు. వాడని శాఖలను కంపైలర్ కొట్టేస్తుందన్న నమ్మకం మీద అందులో చాలా కోడు నిలబడి ఉంది. అందువల్ల వరుసలు కలిసిపోతాయి, చిన్న ఫంక్షన్లు పెద్ద ఫంక్షన్లలో ఇమిడిపోతాయి, రంగులు అక్కడక్కడా ఒక వరుస అటూ ఇటూ జరుగుతాయి.

అన్నిటికంటే పెద్ద బోల్తా హారంలో ఉంది. లోడ్ కాని మాడ్యూల్‌కు డీబగ్ ఫైల్ సిస్టమ్‌లో జీసీడీఏ ఫైలే ఉండదు. ఎవరూ తాకని డ్రైవర్లు నివేదికలోకి రావు, వాటి సున్నాలు లెక్కకు రావు, శాతం అందంగా కనిపిస్తుంది. దీనికి విరుగుడుగా ఎల్‌కోవ్‌లో, పరీక్షకు ముందే జీసీఎన్ఓ ఫైళ్ళ నుంచి అన్నీ సున్నాలతో ఒక ప్రాథమిక నివేదిక తీసుకునే సదుపాయం ఉంది. దాన్ని వాడని నివేదికలోని శాతాన్ని నమ్మడానికి లేదు. కాన్ఫిగరేషన్‌లో ఎంచుకోని భాగాలైతే కంపైలర్ కంటికే పడవు. అవి ఏ నివేదికలోనూ ఎర్రగా కూడా ఉండవు. మరోవైపు, ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్‌లా కొన్ని సోర్స్ వరుసల లెక్కలో భారీగా కనిపించినా, అందులో అధిక భాగం యంత్రం రాసిన రిజిస్టర్ నిర్వచనాలే. వాటిలో నడిచేదేమీ లేదు కాబట్టి కవరేజ్‌కు పనిలేదు. కోడు తీసేసినా శాతం పెరుగుతుంది. 2007లో వచ్చిన డెవ్‌రెస్ సదుపాయంతో, ప్రోబ్ విఫలమైతే తీసుకున్నవన్నీ కెర్నెలే వదిలేయడం మొదలైంది. దాన్ని వాడిన డ్రైవర్లలో ఆ ఎర్రటి వెనకడుగు మెట్లు చాలావరకు లేకుండా పోయాయి. ఒక్క పరీక్ష కూడా రాయకుండా కవరేజ్ మెరుగుపడిన ఈ సందర్భంలో, ఆ మెరుగుదల నిజమైనదే.

కేకోవ్: ఎవరు నడిపితే నడిచింది?

జీకోవ్ లెక్క యంత్రం మొత్తానిది. అది ఊరికంతటికీ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బిగించిన ఒకే మీటరు. ఏ ఇంట్లో ఎంత కాలిందో చెప్పదు. ఏ సిస్టమ్ కాల్ ఏ వరుసను తట్టిందో తెలుసుకోవాలంటే అది చాలదు. ఫజింగ్ చేసేవాళ్ళకు, అంటే లక్షల యాదృచ్ఛిక ఇన్‌పుట్లతో కెర్నెల్‌ను కొట్టి చూసేవాళ్ళకు, కావలసింది సరిగ్గా ఈ రెండో సమాచారమే. ఇప్పుడిచ్చిన ఇన్‌పుట్ కొత్త దారి తెరిచిందా? తెరిస్తే దాన్ని ఉంచుకుని ఇంకొంచెం మార్చి చూడాలి, లేకపోతే పారేయాలి.

గూగుల్‌కు చెందిన దిమిత్రి వ్యుకోవ్ తన సిజ్‌కాలర్ ఫజర్ కోసం రాసిన కేకోవ్ 2016లో 4.6 కెర్నెల్‌తో వచ్చింది. దీనికి కంపైలర్ ప్రతి బేసిక్ బ్లాకు మొదట్లో ఒక చిన్న ఫంక్షన్ పిలుపును చొప్పిస్తుంది. ఆ ఫంక్షన్, ఇప్పుడు నడుస్తున్న టాస్క్ కవరేజ్ అడిగిందో లేదో చూసి, అడిగి ఉంటే అప్పటి చిరునామాను ఆ టాస్క్‌కు చెందిన బఫర్‌లో వేస్తుంది. బఫర్‌ను యూజర్ ప్రోగ్రాము తన మెమరీలోకి మ్యాప్ చేసుకుంటుంది. మొదటి గడిలో ఎన్ని చిరునామాలు పడ్డాయన్న లెక్క, తర్వాత వరసగా చిరునామాలు. సిస్టమ్ కాల్‌కు ముందు మొదటి గడిని సున్నా చేసి, కాల్ అయ్యాక చదివితే ఆ ఒక్క కాల్ కవరేజ్ చేతికొస్తుంది. ఇంటరప్టుల్లో నడిచిన కోడును కేకోవ్ కావాలనే పట్టించుకోలేదు. షెడ్యూలర్, లాకుల వంటి చోట్ల ఇన్‌స్ట్రుమెంటేషన్‌నూ ఆపేశారు. ఒకే ఇన్‌పుట్‌కు రెండుసార్లు రెండు రకాల ఫలితం వస్తే ఫజర్ గందరగోళపడుతుంది మరి. 2018 జనవరిలో విడుదలైన 4.15తో పోలికల విలువలను కూడా పట్టుకునే పద్ధతి చేరింది. ఇన్‌పుట్‌లోని ఫలానా విలువను కోడు దేనితో పోల్చి చూస్తోందో తెలిస్తే, ఊహించడం కష్టమైన మ్యాజిక్ సంఖ్యలను ఫజర్ నేరుగా పెట్టగలదు.

సిస్టమ్ కాల్స్‌కు ఇంత చక్కగా కుదిరిన ఏర్పాటు డ్రైవర్ల దగ్గర బెడిసికొట్టింది. డ్రైవర్ పని పిలిచిన టాస్క్‌లోనే పూర్తికాదు. వర్క్ క్యూలోకి వెళ్తుంది, కెర్నెల్ థ్రెడ్ ఎత్తుకుంటుంది, ఇంటరప్ట్ వచ్చినప్పుడు ముగుస్తుంది. యూఎస్‌బీ పరికరాన్ని గుచ్చితే దాన్ని గుర్తించి డ్రైవర్ ప్రోబ్‌ను పిలిచేది హబ్ పనులు చూసే కెర్నెల్ వర్కర్. గుచ్చినట్టు నటించిన ఫజర్ ప్రక్రియ కాదు. ఫజర్ బఫర్ ఖాళీగా ఉంటుంది. ఆండ్రే కొనొవలోవ్ దీనికి రిమోట్ కవరేజ్ అనే మార్గం తెచ్చారు. 2020 జనవరిలో వచ్చిన 5.5లో ఇది చేరింది. నేపథ్యంలో జరిగే పని మొదట్లో, చివర్లో కెర్నెల్ కోడులోనే గుర్తులు పెడతారు. యూఎస్‌బీలో బస్ సంఖ్యను బట్టి ఒక గుర్తింపు తయారవుతుంది. ఫలానా బస్ మీద జరిగిన పనంతా తన ఖాతాలో వేయమని ఫజర్ ముందే చెప్పుకుంటుంది. కొన్ని నెలలకే 5.8లో సాఫ్ట్ ఇంటరప్టుల నుంచి కూడా సేకరణ మొదలైంది. ప్రతి ఉపవ్యవస్థలోనూ ఎవరో ఒకరు కూర్చుని ఈ గుర్తులు చేత్తో పెట్టాలన్నదే దీని పరిమితి. పెట్టని చోట డ్రైవర్ నడిచినా ఎవరి ఖాతాలోనూ పడదు.

బీఎస్‌డీ కుటుంబం ఈ ఆలోచనను త్వరగానే అందుకుంది. ఓపెన్‌బీఎస్‌డీలో 2018లోనూ, ఫ్రీబీఎస్‌డీ, నెట్‌బీఎస్‌డీల్లో 2019 నాటికీ కేకోవ్ వచ్చేసింది.

పరికరాన్ని నమ్మించడం, మోసగించడం

ఇక అసలు కష్టానికి వద్దాం. కొనొవలోవ్ 2017 నవంబరులో లినక్స్ యూఎస్‌బీ డ్రైవర్లలో 14 భద్రతా లోపాలను ఒకేసారి వెల్లడించారు. వాటిని కనిపెట్టడానికి ఆయన యూఎస్‌బీ పోర్టులో ఏమీ గుచ్చలేదు. లినక్స్‌లోనే ఉన్న డమ్మీ హోస్ట్ కంట్రోలర్, ఒకే కెర్నెల్‌లో ఒక చివర కంప్యూటరుగా, మరో చివర పరికరంగా నటిస్తుంది. పరికరం వైపు కూర్చున్న ఫజర్ తప్పుడు వివరణలు పంపుతుంటే, కంప్యూటరు వైపు డ్రైవర్ వాటిని నమ్మి ప్రోబ్ నడుపుతుంది. ఇందుకోసమే రాసిన రా గ్యాడ్జెట్ అనే ఇంటర్‌ఫేస్ 2020లో 5.7తో కెర్నెల్‌లోకి వచ్చింది. అప్పటిదాకా ఆ హార్డ్‌వేర్ కొన్నవాళ్ళ యంత్రాల్లో మాత్రమే నడిచిన డ్రైవర్లు, ఆ తర్వాత వర్చువల్ యంత్రాల్లో రేయింబవళ్ళు నడుస్తున్నాయి.

ఇలాంటి ఉత్తుత్తి పరికరాలు కెర్నెల్ నిండా ఉన్నాయి. వైఫైకి మ్యాక్80211 హెచ్‌డబ్ల్యూసిమ్, వీడియోకు వివిడ్, స్కజీ డిస్కులకు స్కజీ డీబగ్, నెట్‌వర్క్ కార్డులకు నెట్‌డెవ్‌సిమ్. అయితే ఇవి నడిపేది ఉపవ్యవస్థ ఉమ్మడి కోడును. ఫలానా కంపెనీ వైఫై చిప్ డ్రైవర్‌లోని ఒక్క వరుస కూడా వీటితో ఆకుపచ్చబారదు. దానికి ఆ చిప్ కావాలి, లేదా క్యూఈఎంయూ వంటి ఎమ్యులేటర్‌లో ఆ చిప్ నమూనా కావాలి. ఎమ్యులేటర్‌లో నమూనాలున్న చిప్‌లు కొన్నే. నమూనా రాసినవారు సాధారణంగా రాసేది బుద్ధిగా పనిచేసే చిప్‌ను. చెడు నడవడి ఎవరూ రాయరు. 2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, అర్వైన్ బృందం పెరిస్కోప్ అనే సాధనంతో వేరే దారి పట్టింది. డ్రైవర్ పరికరం రిజిస్టర్లను గానీ, డీఎంఏ మెమరీని గానీ చదవబోయినప్పుడు పేజ్ ఫాల్ట్ వచ్చేలా చేసి, అక్కడ అడ్డుపడి విలువను మార్చేస్తారు. అసలు చిప్ అలాగే పనిచేస్తుంటుంది. డ్రైవర్‌కు మాత్రం అబద్ధం చెబుతారు.

ప్రోబ్ చివరి మెట్ల కోసం ఇంత హంగామా అక్కర్లేదు. అకినోబు మిటా రాసిన ఫాల్ట్ ఇంజెక్షన్ సదుపాయం 2007లోనే 2.6.20తో వచ్చింది. మెమరీ అడిగితే లేదని, డిస్కు చదవబోతే కుదరదని కెర్నెలే కావాలని చెబుతుంది. మొదట్లో అది సంభావ్యత మీద నడిచేది: నూటికి ఇన్నిసార్లు విఫలం చేయమని చెప్పి, మనకు కావలసిన చోట తగలాలని ఎదురుచూడాలి. ఎన్నో ప్రయత్నం విఫలం కావాలో సూటిగా చెప్పే ఫెయిల్ ఎన్త్ తర్వాత చేరాక పని తీరే మారింది. మొదటి కేటాయింపు విఫలం చేసి ప్రోబ్ నడపడం, తర్వాత రెండోది, తర్వాత మూడోది. ఏ వైఫల్యమూ తగలకుండా ప్రోబ్ పూర్తయితే ఇక మెట్లు అయిపోయినట్టే. సిస్‌ఎఫ్ఎస్‌లో డ్రైవర్‌కు ఉండే బైండ్, అన్‌బైండ్ ఫైళ్ళలో రాస్తే ప్రోబ్, రిమూవ్ ఎన్నిసార్లైనా తిరగబెట్టవచ్చు కాబట్టి ఇదంతా ఒక చిన్న షెల్ స్క్రిప్టు పని. డ్రైవర్ కవరేజ్‌కు పెట్టిన ప్రతి గంటకూ ఇంత ఫలం ఇచ్చే పద్ధతి ఇంకొకటి లేదు. అయినా దీన్ని వాడే డ్రైవర్ రచయితలు తక్కువే.

నిద్రపుచ్చడం, లేపడం కూడా డ్రైవర్లలో ఎప్పుడూ ఎర్రగా ఉండే చోట్లు. యంత్రాన్ని నిజంగా నిద్రపుచ్చితే లేవకపోవచ్చు. పవర్ మేనేజ్‌మెంట్ కింద ఉన్న పరీక్ష విధానంలో, పరికరాల వరకే నిద్రపుచ్చి, ఐదు సెకన్లు ఆగి, తిరిగి లేపమని కెర్నెల్‌కు చెప్పవచ్చు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ పరికరాల దోష నివారణ కోడుకు, లేని దోషాన్ని ఉన్నట్టు చూపించే ఏఈఆర్ ఇంజెక్ట్ మాడ్యూల్ ఉంది.

డ్రైవర్‌ను ముక్కలుగా విడదీసి యూనిట్ పరీక్షలు రాయడం మరో పాయ. కేయూనిట్ అనే చట్రం 5.5తో వచ్చింది. కెర్నెల్‌ను మామూలు ప్రోగ్రాములా నడిపే యూజర్ మోడ్ లినక్స్ మీద దీన్ని నడిపితే, ఆ ప్రోగ్రాము ముగుస్తుంది కాబట్టి జీకోవ్ తన పాత పద్ధతిలోనే ఫైళ్ళు రాసేస్తుంది. రిజిస్టర్ విలువల లెక్కలు, క్లాకు భాగహారాల వంటి శుద్ధ గణితానికి ఇది బాగుంటుంది. చిప్‌తో మాట్లాడే భాగానికి దీనితో ఒరిగేది తక్కువ.

సోర్స్ లేని చోట

విండోస్ డ్రైవర్లకు, సోర్స్ ఇవ్వని ఇతర డ్రైవర్లకు కంపైలర్ కౌంటర్లు నాటే వీలు బయటివారికి ఉండదు. డ్రైవర్ రాసిన కంపెనీలకు బుల్స్‌ఐకవరేజ్ వంటి వాణిజ్య సాధనాలున్నాయి. బయటివారికి మిగిలింది ప్రాసెసరే. ఇంటెల్ తన బ్రాడ్‌వెల్ తరం నుంచి ప్రాసెసర్ ట్రేస్ అనే హార్డ్‌వేర్ సదుపాయం ఇస్తోంది. ఏ శాఖ ఎటు తిరిగిందో ప్రాసెసరే కుదించిన పొట్లాలుగా మెమరీలో రాస్తుంది. ఆర్మ్‌లో కోర్‌సైట్ దాదాపు ఇదే పని చేస్తుంది. జర్మనీలోని రూర్ విశ్వవిద్యాలయం, బోఖుమ్ పరిశోధకులు 2017లో ప్రకటించిన కేఏఎఫ్‌ఎల్ అనే ఫజర్, వర్చువల్ యంత్రం బయట నుంచి ఈ ట్రేస్ చదివి, లోపల లినక్స్ ఉన్నా విండోస్ ఉన్నా మ్యాక్ ఓఎస్ ఉన్నా కవరేజ్ రాబట్టింది. లోపలి కెర్నెల్‌ను మళ్ళీ కంపైల్ చేయలేదు. పొట్లాలు విప్పి అర్థం చేసుకోవడానికి మాత్రం డ్రైవర్ బైనరీ చేతిలో ఉండాలి.

ఎంత కవరేజ్ చాలు?

విమానయాన సాఫ్ట్‌వేర్ ప్రమాణం డీఓ-178సీ అత్యున్నత స్థాయి కోడుకు వరుసలు నడిస్తే సరిపోదంటుంది. షరతులోని ప్రతి చిన్న భాగమూ, మిగతావి స్థిరంగా ఉండగా, తానొక్కటే నిర్ణయాన్ని మార్చగలదని చూపాలి. దీన్ని ఎంసీ/డీసీ అంటారు. కార్లకు సంబంధించిన ఐఎస్ఓ 26262 కూడా అత్యున్నత భద్రతా స్థాయికి దీన్నే గట్టిగా సిఫారసు చేస్తుంది. లినక్స్‌ను ఇలాంటి చోట్లకు తీసుకెళ్ళాలన్న ప్రయత్నాలు పెరగడంతో కంపైలర్లూ కదిలాయి. ఎల్ఎల్‌వీఎం 18, జీసీసీ 14 ఈ కొలతకు తోడ్పాటు చేర్చాయి. 2024లో వియన్నాలో జరిగిన లినక్స్ ప్లంబర్స్ కాన్ఫరెన్స్‌లో బోయింగ్ ఇంజనీర్లు, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కలిసి లినక్స్ కెర్నెల్ మీద ఎంసీ/డీసీ కొలిచిన పనిని వివరించారు.

నూటికి నూరు వచ్చినా డ్రైవర్‌లో కొన్ని తప్పులు కవరేజ్‌కు కనపడవు. పరికరాన్ని తీసేసే రిమూవ్ ఫంక్షన్ నడిచింది, ఇంటరప్ట్ హ్యాండ్లర్ నడిచింది, రెండూ ఆకుపచ్చే. రిమూవ్ మెమరీ వదిలేసిన మరుక్షణం హ్యాండ్లర్ అదే మెమరీని తాకితే యంత్రం కూలుతుంది. వరుసలు నడవడం వేరు, ఏ క్రమంలో నడిచాయన్నది వేరు. అందుకే సిజ్‌కాలర్ వంటివి కవరేజ్‌ను ఎప్పుడూ ఒంటరిగా వాడవు. వదిలేసిన మెమరీ వాడకాన్ని పట్టే కేసాన్, డేటా రేసులను పట్టే కేసీసాన్, లాకుల క్రమాన్ని చూసే లాక్‌డెప్ పక్కనే ఉంటాయి. కవరేజ్ దారి చూపుతుంది, తప్పును గుర్తించేది ఇవి.

కొత్త పరికరాల్లో ఇంకో మార్పు జరుగుతోంది. ఒకప్పుడు డ్రైవర్‌లో ఉండే తర్కం ఇప్పుడు చిప్ లోపలి చిన్న ప్రాసెసర్ మీద నడిచే ఫర్మ్‌వేర్‌లోకి వెళ్ళిపోతోంది. వైఫై, గ్రాఫిక్స్, ఎన్‌వీఎంఈ డిస్కులు అన్నిటా ఇదే తీరు. కెర్నెల్ వైపు డ్రైవర్ సందేశాలు అందించే పలచటి పొరగా మిగిలినప్పుడు దాని కవరేజ్ శాతం తేలిగ్గా పెరుగుతుంది. జీకోవ్‌కు గానీ కేకోవ్‌కు గానీ ఆ ఫర్మ్‌వేర్ కనిపించదు. దాని సోర్స్ తయారీదారు దగ్గరే ఉంటుంది. దానికి కవరేజ్ తీశారా, తీస్తే ఎంత వచ్చిందన్నది కూడా చాలావరకు అక్కడే ఉండిపోతుంది.